థెక్లచరిత్రమును స్త్రీవాదవిమర్శయు

ఆదిమక్రైస్తవవాఙ్మయమున రెండు రాసులు గలవు. సంఘములు ప్రమాణములని యంగీకరించి క్రొత్తనిబంధనగాఁ గూర్చుకొనిన గ్రంథము లొకరాశి. ఆ కూర్పునకు వెలిగా నిలిచిన సువార్తలు, అపొస్తలుల కార్యములు, లేఖలు, ప్రకటనలు రెండవరాశి. ఈ రెండవరాశిని బూర్వులు పెక్కుమంది కట్టుకథల ప్రోవుగా నెంచిరి. 1970వ దశాబ్దమునుండి దీనిని బట్టుదలతోఁ బరిశీలించినవారిలో స్త్రీవాదవిమర్శకులు ముఖ్యులు. తొలిసంఘములలో స్త్రీకి నోరెత్తి బోధించు నధికార ముండెనా? ఉండినచో నది యెవరి యనుజ్ఞచే నామెకుఁ గలిగెను? ఏ కారణమునఁ బోయెను? ఇవి వారి ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు సమాధానముగా వారు తఱచుగాఁ జూపు గ్రంథము థెక్లచరిత్రము. దీనినుండి కొందఱు మితిమీఱిన చారిత్రకసిద్ధాంతములను దీసిరి. మఱికొంద ఱా సిద్ధాంతములను ఖండించు తొందరలో గ్రంథము స్పష్టముగాఁ జెప్పుచున్నదానిని సయితము ద్రోసివేసిరి. గ్రంథమును వ్రాసిన వా రెవరను ప్రశ్నయు, గ్రంథము చెప్పున దేమను ప్రశ్నయు వేఱు వేఱు. మొదటిదానికిఁ జాలిన యాధారము లేకున్నను రెండవదానికిఁ గలదు. స్త్రీవాదవ్యాఖ్యకు నిలుకడయగు పునాది యా రెండవచోటనే యున్నదని చూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

గ్రంథస్వరూపము

థెక్లచరిత్రము క్రీస్తుశకము రెండవశతాబ్దిలో గ్రీకుభాషయందు, చిన్నయాసియాప్రాంతమున రచింపఁబడినది. ఇది మొదట స్వతంత్రగ్రంథము గాదు. పౌలుకార్యములను పెద్దకథలో నొకభాగము. ఈ సంగతి కార్ల్ ష్మిట్ అను జర్మనుపండితుఁడు హైడల్బర్గునందలి కోప్తుభాషా పపైరసుప్రతిని 1904లోఁ బ్రకటించుటచే నిర్ధారితమైనది. తల్లిగ్రంథము ఛిన్నాభిన్నమై శకలములుగా మిగిలెను గాని, థెక్లకథ మాత్రము వేఱుపడి గ్రీకు, లాటిను, సిరియ, కోప్తు, ఆర్మేనియభాషలలోఁ బ్రచారమును బొందెను. తల్లి నశింపఁగా బిడ్డ బ్రదికినట్లయ్యె నన్నమాట.

ఈ గ్రంథమును బూర్వసంఘములు మొదటినుండియు నేకకంఠముతో నిరాకరింపలేదు. ఓరిగెను దీనిని గౌరవముతో నుదాహరించెను. క్లారమొంతాను ప్రతిలోని పురాతనమగు పట్టిక పౌలుకార్యములను 3560 పంక్తుల గ్రంథముగా లెక్కించుచున్నది. యూసెబియుసు నాలుగవశతాబ్దిలో దీనిని గృత్రిమములలోఁ జేర్చెను. కావున నాయిక స్త్రీ యగుటచేతనే యీ గ్రంథము వెలివేయఁబడెనని యొక్కమాటలోఁ జెప్పుట యుక్తము గాదు. అపొస్తలునికాలమున వ్రాయఁబడిన దగునా కాదా యను విచారమును నందుఁ బనిచేసినది.

కథాసంగ్రహము

ఈకొనియనగరమునకుఁ బౌలు వచ్చి ఒనేసిఫోరు నింట బ్రహ్మచర్యమును బునరుత్థానమును గూర్చి బోధించుచుండును. పొరుగింటి కన్యక థెక్ల. ఆమె తల్లి థియోక్లెయ. ఆమెకు నిశ్చయింపఁబడిన వరుఁడు థామిరి. థెక్ల కిటికీకడఁ గూర్చుండి మూఁడుదినములు రాత్రింబవళ్లు కదలక, తినక, త్రాగక యా బోధను వినును. పౌలు చెఱలోఁ బెట్టఁబడఁగా, నామె తన చేతికడియములను ద్వారపాలకునికిని, వెండియద్దమును చెఱసాల కావలివానికిని లంచమిచ్చి, రాత్రివేళ లోపలికిఁ బోయి యతని పాదములకడఁ గూర్చుండును. విచారణలో నధిపతి యడిగినను బలుకక పౌలునే చూచుచుండును. కన్నతల్లియే యామెను దహింపుఁడని కేకలువేయును. ఈ మనుష్యునిచే బోధింపఁబడిన స్త్రీలందఱు నది చూచి వెఱవవలెనని యామె తలంపు. పౌలు కొట్టఁబడి యూరినుండి వెడలఁగొట్టఁబడును. థెక్ల చితిపై నెక్కింపఁబడును. వానయు వడగండ్లును గురిసి యగ్ని చల్లాఱును.

బ్రదికి వచ్చిన థెక్ల పౌలును గలిసికొని, జుట్టు కత్తిరించుకొని యతని వెంట వచ్చెదననియు, బాప్తిస్మముద్ర నిమ్మనియు వేఁడును. కాలము చెడ్డదనియు నామె రూపవతి యనియు, నోపికపట్టుమనియుఁ జెప్పి యతఁడు దానిని వాయిదావేయును. ఇరువురు నంతియొకయకుఁ బోవుదురు. అచ్చట అలెక్సంద్రుఁ డను ప్రముఖుఁడు థెక్లపై మోహపడి యామెను గూర్చి పౌలునకు ధనమాశచూపఁగా, నామె యెవతెయో తానెఱుఁగననియు, నామె తనది గాదనియు నతఁడు పలికి తప్పించుకొనును. అలెక్సంద్రుఁడు నడివీథిలో నామెను బట్టుకొనఁగా, నామె వాని పైవస్త్రమును జించి, తలపైని కిరీటమును బడఁద్రోసి, వానిని నవ్వులపాలు చేయును. అందులకు శిక్ష మృగములకు వేయుట. శిక్షాదినమువఱకు నామెను త్రుఫైన యను రాణి తన యింట నుంచుకొనును. ఆ రాణి కూఁతురు ఫాల్కొనిల్ల చనిపోయియుండెను. థెక్ల యామె కూఁతురిస్థానమున నిలుచును.

రంగమధ్యమున ఆఁడుసింగ మొకటి థెక్ల పాదములకడఁ బండుకొని, మీఁదికి వచ్చిన యెలుఁగును జంపి, మగసింగముతోఁ బోరి తానును జచ్చును. నగరస్త్రీలు తీర్పు నన్యాయమని యెలుఁగెత్తి యఱతురు. సుగంధద్రవ్యములను జల్లి మృగములను మత్తిలఁజేయుదురు. అప్పుడు థెక్ల నీటిగుంటను జూచి, యిది బాప్తిస్మమునకుఁ దగిన సమయమని యందు దుమికి, యేసునామమున నామెయే తనకు బాప్తిస్మ మిచ్చుకొనును. గుంటలోని నీటికుక్కలు మెఱుపునకుఁ జచ్చి తేలును. తుద కధిపతి యామెను విడిచిపుచ్చును. థెక్ల త్రుఫైన యింట బోధించి, పైవస్త్రమును బురుషులరీతిఁ గుట్టుకొని, మూరపట్టణమునఁ బౌలును గనుఁగొని, తాను బాప్తిస్మము పొందిన వృత్తాంతమును జెప్పును. అతఁడు పోయి దేవునివాక్యమును బోధింపుమని యామె నంపును. ఆమె ఈకొనియకు మరలివచ్చి తల్లిని బలుకరించి, సెలూకయకుఁ బోయి, యనేకులకు జ్ఞానబోధచేసి యచ్చటఁ గన్నుమూయును.

పూర్వపక్షములు

ఎలిజబెత్ కేడీ స్టాంటన్ మొదలగువారు 1895లోను 1898లోను బ్రకటించిన స్త్రీలబైబిలు ప్రమాణగ్రంథములకే పరిమితమైనది. అటుపిమ్మట నించుమించు తొంబది యేండ్లకు, 1983లో, ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా పురుషులు వ్రాసి పురుషులు కాపాడిన గ్రంథములను సందేహదృష్టితోఁ జదువవలెనని సూత్రీకరించి, విస్మృతలగు స్త్రీలను జరిత్రలోనికి మరలఁ దెచ్చుటకుఁ బూనుకొనెను. దీనికిఁ గొంచెము ముందుగనే, 1980లో, స్టీవన్ డేవిస్ అపొస్తలుల యప్రామాణికకార్యములు విధవాసంఘములలోని స్త్రీలచేతనే పుట్టినవని వాదించెను. డెనిస్ మక్డోనల్డ్ 1983లో మఱియొక మార్గమును ద్రొక్కెను. తిమోతికి వ్రాసిన మొదటిపత్రిక ముసలమ్మల ముచ్చటలను విసర్జింపుమని చెప్పుచున్నది గదా. ఆ ముచ్చట లీ థెక్లకథవంటివే యనియు, స్త్రీలు నోటిమాటగాఁ జెప్పుకొనుచుండిన కథల నణఁచుటకే యా పత్రికలు వ్రాయఁబడె ననియు నతని మతము. వర్జీనియా బరస్ 1987లో నీ కథలను జానపదకథాలక్షణములతోఁ బోల్చి, బ్రహ్మచర్యము నాఁటి స్త్రీకి స్వాతంత్ర్యమార్గమయ్యెనని నిరూపింపఁ జూచెను.

ఈ పక్షమునకుఁ బ్రతిపక్షము 1996లో కేట్ కూపరు గ్రంథమున బలముగాఁ దేలినది. ఈ కథలలోని పోరాటము నిజమునకు స్త్రీపురుషులకు నడుమ జరుగునది గాదు. నగరమును గృహమును బాలించు గృహస్థునకును, వానిని బ్రతిఘటించు నపొస్తలునకును జరుగునది. స్త్రీ యందుఁ బణముగా నుంచఁబడిన వస్తువు మాత్రమే. ఆమె యెవనిమాట వినునో వాఁడు గెలిచినవాఁడు. కావునఁ గథలో స్త్రీ ప్రముఖముగా నున్నంతమాత్రమున స్త్రీలచరిత్ర దానినుండి లభింపదని కూపరు వాదము. పాఠమునుండి చారిత్రకస్త్రీని బయలుదీయుట యెంత దుష్కరమో ఎలిజబెత్ క్లార్కు 1998లోఁ జర్చించెను. రాస్ క్రేమరు 1980లో నీ కథలను స్త్రీలు సన్న్యాసధర్మమున కాకర్షింపఁబడుటకు సాక్ష్యములుగాఁ గొని, 2011లోఁ దన యభిప్రాయమును బునఃపరిశీలించుకొని, యిట్టి సాక్ష్యముల విశ్వసనీయతనే శంకించుట గమనింపఁదగినది. స్త్రీవాదవిమర్శ యొకే గొంతుతోఁ బలుకుచున్నదనుకొనువారి కీ చరిత్రమే సమాధానము.

కర్తృత్వవిచారము

మొదట డేవిస్ మతమును బరిశీలింతము. కథలో స్త్రీలు పెక్కుమంది యుండుట, వారు సానుభూతితోఁ జిత్రింపఁబడుట, పౌలు దుర్బలుఁడుగాఁ గనఁబడుట — ఇవి స్త్రీకర్తృత్వమునకు హేతువులుగాఁ జూపఁబడినవి. ఈ హేతువులు సాధ్యమును సాధింపఁజాలవు. పురుషులగు కవులు స్త్రీహృదయమును సానుభూతితోఁ జిత్రించుట సర్వసాహిత్యములందును గలదు. అట్లే స్త్రీలు పురుషపక్షపాతముతో వ్రాయుటయుఁ గలదు. హేతువు రెండుపక్షములందును గానవచ్చుచుండఁగా నది యనైకాంతికమని మన తార్కికు లందురు. మక్డోనల్డ్ వాదమును నట్టిదే. థెక్లకథకు మౌఖికమగు పూర్వరూప ముండవచ్చును. కాని తిమోతిపత్రికలోని మాట యీ కథనే యుద్దేశించినదని చెప్పుట కాధారము లేదు. రెండుగ్రంథములును బౌలు నామమును జెప్పుకొని పరస్పరవిరుద్ధమగు ధర్మములను బోధించుచున్నవను నంతవఱకు నిశ్చయము. ఒకటి స్త్రీ బోధింపరాదనియు, బిడ్డలను గనుటచే రక్షింపఁబడుననియుఁ జెప్పును. రెండవది బిడ్డలను గననొల్లని కన్యకచేతికి బోధనాధికారము నిచ్చును. పౌలు వారసత్వమునకై రెండుపక్షములు పోరాడినవనుట కిది చాలును. కర్త స్త్రీయో పురుషుఁడో తేలనక్కఱ లేదు.

బృహదారణ్యకమున గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని బ్రశ్నించును. దానినిబట్టి నాఁటి స్త్రీలందఱకు సభాప్రవేశ ముండెనని చెప్పరాదు. ఆ భాగము స్త్రీరచిత మనియుఁ జెప్పరాదు. కాని స్త్రీ ప్రశ్నించుట, ఋషి యుత్తర మిచ్చుట యా గ్రంథకర్త యూహ కందిన విషయమనియు, శ్రోతల కసంగతముగాఁ దోఁపలేదనియుఁ జెప్పవచ్చును. థెక్లకథనుండియు నింతమాత్రమే గ్రహింపవలెను. ఈ యింతయే యల్పము గాదు.

తాత్పర్యనిర్ణయము

ఇఁక గ్రంథము చెప్పున దేమి? తాత్పర్యనిర్ణయమునకు మన శాస్త్రకారులు చెప్పిన యాఱులింగములు — ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి — ఇచ్చటఁ జక్కఁగా నుపకరించును. అన్యదేశగ్రంథమున కీ కొలమానము తగునా యని శంకింపవలదు. గ్రంథము దేని నుద్దేశించి నడచుచున్నదో తెలిసికొను యుక్తి యేభాషకైనను నొక్కటియే.

ఉపక్రమమున థెక్ల కిటికీలోఁ గూర్చున్న శ్రోత్రి. ఆమె పౌలు ముఖమునైనఁ జూచియుండలేదు. మాట మాత్రము వినును. ఉపసంహారమున నామె యూరూరఁ దిరిగి యనేకులకు వెలుఁగు చూపిన బోధకురాలు. వినుటతో మొదలై చెప్పుటతో ముగిసిన దీ కథ.

అభ్యాసము రెండువిచారణల పోలికలో నున్నది. కథ రెండు నగరములలో నించుమించు నొక్కతీరుననే నడచును: పురుషుని కోరిక, తిరస్కారము, అధిపతియెదుట విచారణ, మరణదండన, దైవరక్షణ. ఈ యావృత్తిని గథాశిల్పలోపముగాఁ గొందఱు తలంచిరి. కాని యావృత్తియందలి భేదములను జూడుఁడు. ఈకొనియలో నధిపతి యడుగఁగా నామె మౌనముగా నుండును. అంతియొకయలో రంగమధ్యమున నధిపతి యడుగఁగాఁ దా నెవరో, యెవరి దాసియో విస్పష్టముగా నుపన్యసించును. ఈకొనియలోఁ జితి నెక్కబోవుచు, అడవిలో గొఱ్ఱెపిల్ల కాపరిని వెదకినట్లు, జనములోఁ బౌలుకొఱకుఁ జూచును. ప్రభువే పౌలు రూపమున నామెకుఁ గనఁబడును. అంతియొకయలో నామె పౌలుకొఱకు వెదకనే వెదకదు. పౌలు కథలోనే లేఁడు. ఒకే సంఘటన మరల వచ్చినప్పుడు మాఱినది నాయికయే గాని పరిస్థితి గాదు. గ్రంథకర్త చూపఁదలఁచిన దీ మార్పునే.

అపూర్వత స్వయంబాప్తిస్మమున నున్నది. స్త్రీ బోధించుట మాత్రము తొలిసంఘమునకుఁ బూర్తిగాఁ గ్రొత్త గాదు. ప్రమాణగ్రంథమగు అపొస్తలుల కార్యములలోనే ప్రిస్కిల్ల భర్తతోఁ గూడి అపొల్లోకు మార్గమును విశదపఱచినది. కాని తనకుఁ దానే బాప్తిస్మ మిచ్చుకొనిన స్త్రీ క్రొత్తనిబంధనలోఁ గానరాదు. పౌలు నడిగి లేదనిపించుకొనిన ముద్రను థెక్ల మృత్యుముఖమున స్వయముగా గ్రహించుచున్నది.

ఫలము మూరపట్టణమునఁ బౌలు పలికిన యనుజ్ఞ. ఇచ్చట నొక సూక్ష్మము గలదు. పౌలు పంపుటచే నామె బోధకురాలు గాలేదు. అంతకుఁ బూర్వమే త్రుఫైన యింట బోధించి, దాసీజనములోఁ బెక్కుమందికి విశ్వాసముఁ గలిగించియుండెను. పౌలునకు సువార్తయందుఁ దోడ్పడినవాఁడే తనకు బాప్తిస్మమునందుఁ దోడ్పడె నను నర్థము వచ్చునట్లు మాటలాడి, యామె తన యధికారమును బౌలు నధికారముతో సరిసమానముగా నిలుపుకొనును. అతని యనుజ్ఞ యధికారమును బుట్టించునది గాదు; పుట్టినదానిని గుర్తించునది.

సింగములు, నీటికుక్కలు, మేఘాగ్ని — ఇవి యర్థవాదములు. రోమకుల రంగస్థలమున నీటికుక్కల గుంట యుండెనా యని వాదించుట యర్థవాదమును విధివాక్యముగాఁ జదువుటయే. ఐనను నర్థవాదమును దాత్పర్యము ననుసరించియే నడచును. నాయికను గాపాడిన మృగము మగది గాక యాఁడుది యగుట, స్త్రీలు సుగంధములతో మృగముల నడ్డుట, రాణి మూర్ఛిల్లుటచే నధిపతి వెఱచి శిక్షను మానుట, ఇవన్నియు నొక్కవైపునకే చూపుచున్నవి.

తుది లింగ మగు నుపపత్తి కూపరు వాదమునకు సమాధానమిచ్చును. గృహస్థునకు నపొస్తలునకుఁ గల పోరాటమే కథకుఁ బ్రధానమైనచో, ఈకొనియకథతో నది సమాప్తము గావలెను. థామిరి యోడెను, పౌలు గెలిచెను. ఆ యర్థభాగమునకుఁ గూపరు వాక్యము చక్కఁగా నొప్పును. కాని యంతియొకయలో నపొస్తలుఁడు నాయికను నెఱుఁగనని త్రోసివేసి తప్పించుకొనుచున్నాఁడు. అపొస్తలుని ప్రతిష్ఠకై వ్రాయఁబడిన కథలో నతని కిట్టి తలవంపు నేల తేవలెను? అందులకుఁ బూర్వమే బాప్తిస్మమును వాయిదావేయించుట యేల? ఈ రెండును నపొస్తలుని క్రమముగా నడ్డుతొలఁగించి, థెక్ల యొంటరిగా నిలుచునట్లు చేయుట కేర్పఱుపఁబడినవనిన సర్వము సమన్వయ మగును. స్త్రీ పణముగాఁ బ్రారంభమైన కథ స్త్రీ కర్త్రిగా ముగియుచున్నది.

విరోధిసాక్ష్యము

గ్రంథతాత్పర్యమును మనము నేఁ డీరీతిగా నూహించితి మనువారికిఁ బ్రాచీనసాక్ష్య మొకటి చూపవలసియున్నది. క్రీస్తుశకము 200 ప్రాంతమునఁ గార్తేజినగరమున తెర్తుల్యనుఁడు బాప్తిస్మమును గూర్చి వ్రాసిన గ్రంథములో, స్త్రీలు బోధించుటకును బాప్తిస్మ మిచ్చుటకును దమ కధికారము గలదని చెప్పుచు థెక్ల నుదాహరించుచున్నారని కోపించెను. ఆ కథను వ్రాసినవాఁడు ఆసియాలోని యొక సంఘపుఁ బెద్ద యనియు, పౌలుపైఁ బ్రేమచే వ్రాసితినని యొప్పుకొని పదవినుండి తొలఁగె ననియు నతఁడు తెలుపుచున్నాఁడు. ఈ వాక్యమునఁ బ్రతులలోఁ బాఠభేదము గలదు; డేవిస్ 1986లో నిది యీ గ్రంథమును గూర్చినది గాదనియు వాదించెను. ఐనను థెక్ల పేరును, స్త్రీల వాదమును నచ్చటఁ గలవనుటయే మనకుఁ గావలసినది.

స్త్రీవాదపక్షమునకుఁ గర్తృత్వమును సాధించుటలో నీ సాక్ష్యము ప్రతికూలము. కర్త పురుషుఁడని యిది చెప్పుచున్నది. కాని దీని విలువ యంతకన్న గొప్పది. తన పక్షమున కుపకరింపని సంగతిని శత్రువు చెప్పినప్పుడు దానిని నమ్మవలెను. థెక్లకథను జదివి లేదా విని, దానినుండి యధికారమును గోరిన స్త్రీలు నిజముగా నుండిరనుటకుఁ దెర్తుల్యనుని కోపమే ప్రమాణము. థెక్ల యను కన్యక చరిత్రలో నుండెనో లేదో తెలియదు. ఆమెను దృష్టాంతముగాఁ జూపి నోరెత్తిన స్త్రీ లుండిరి. వారి పేరులు మిగులలేదు. వారి వాదము మాత్రము వారి విరోధి గ్రంథములో మిగిలినది.

ఫలితమునకు హద్దులు

ఇంతమాత్రమునకే థెక్లకథ స్త్రీలందఱకు విమోచనపత్రమని కొనియాడరాదు. స్త్రీవాదవిమర్శయే యీ హద్దులను జూపినది. థెక్ల కధికారము లభించుటకుఁ బెండ్లియు, మాతృత్వమును, గృహమును ద్యజించుట షరతు. జుట్టు కత్తిరించుకొందునని యామె పలుకుటలోఁ, బురుషవస్త్రమును దాల్చుటలో, స్త్రీత్వమును విడిచినఁ గాని బోధకపీఠ మందదను భావము ధ్వనించుచున్నది. 1945లో నాగ్ హమ్మాదిలో దొరికిన తోమాసువార్త చివరివాక్య మిట్టిదే: మరియను వెడలిపొమ్మని పేతురు చెప్పఁగా, యేసు తానామెను బురుషునిగాఁ జేసెదనని బదులు పలుకును. లోనికి రానిచ్చుటయుఁ గలదు. వచ్చుటకు వెలయుఁ గలదు.

మఱియొక హద్దు సంపద. థెక్లకు లంచమిచ్చుటకుఁ గడియములు గలవు. ఆశ్రయ మిచ్చుటకు రాణి గలదు. త్రుఫైన దాసీలు విశ్వాసినులైరని కథ చెప్పునే గాని, వారు స్వతంత్రలైరని చెప్పదు. థెక్ల మూరకుఁ బోవునప్పుడు పరిచారకులను బరిచారికలను వెంటఁగొని పోవును. ఆమె విడుదల వారి విడుదల గాలేదు. తల్లి థియోక్లెయ పాత్రయు నాలోచింపఁదగినది. స్త్రీ లందఱు నొక్కపక్షమున నిలువరు. కట్టుబాటును గాపాడుటకుఁ గూఁతురినైన నగ్నికిచ్చు తల్లి యిందుఁ గలదు. ఈ కఠినసత్యమును గవి దాఁచకుండుట కథకు గౌరవమునే తెచ్చుచున్నది.

మరియసువార్త

థెక్లకథ యొంటరి గాదనుటకు మరియసువార్తను సంగ్రహముగాఁ దడవెదను. ఇందలి కోప్తుప్రతిని 1896లోఁ గైరోనగరమున కార్ల్ రైన్హార్టు కొని బెర్లినునకుఁ జేర్చెను. 1955లో వాల్టర్ టిల్ దానిని బ్రకటించెను. 1నుండి 6వఱకును, 11నుండి 14వఱకును గల పుటలు పోయినవి. మూఁడవశతాబ్ది గ్రీకుశకలములు రెండు గలవు. ఇందలి మరియను బండితులు పెక్కుమంది మగ్దలేనే మరియగా గుర్తింతురు. ప్రభువు వెడలిపోఁగా శిష్యులు దుఃఖింతురు. మరియ వారి నూఱడించును. పేతురు కోరఁగాఁ దనకుఁ గలిగిన దర్శనమును జెప్పును. విని, అంద్రెయ నమ్మననును; ప్రభువు రహస్యముగా నొక స్త్రీతో మాటలాడునా యని పేతురు సందేహించును. మరియ యేడ్చును. లేవి పేతురు ముంగోపమును గర్హించి, ప్రభువు యోగ్యురాలినిగాఁ జేసినదానిని ద్రోయుటకు మన మెవరమని భావము వచ్చునట్లు పలుకును.

కారెన్ కింగ్ 2003లో నీ గ్రంథమును వివరించుచు, ఇందు నాయకత్వమునకు లింగము గాక యాధ్యాత్మికపరిపక్వతయే యర్హతగాఁ జెప్పఁబడినదని నిరూపించెను. ఇందుఁ బేతురుచే నడిగింపఁబడిన సందేహమును, తెర్తుల్యనుని కోపమును నొక్క వాదమునకు రెండు ముఖములు. థెక్లకు నీటిగుంటలో దొరికినది మరియకు దర్శనమున దొరికినది. ఇరువురును మగవారి యనుజ్ఞకుఁ బూర్వమే పొందిరి. ఇరువురి విషయమునను నా పొందుట నొక పురుషుఁడు గుర్తింపవలసి వచ్చెను. ఈ చివరియంశము రెండుగ్రంథములకు బలమును, బలహీనతయు.

తరువాతి గతి

గ్రంథము వెలివేయఁబడినను నాయిక వెలివేయఁబడలేదు. జెరోము తన ప్రసిద్ధపురుషుల గ్రంథమున నీ కథ నప్రామాణికములలోఁ ద్రోసెను. ఆ జెరోమే అంతకుఁ బూర్వము 384లోఁ గన్యావ్రతముఁ బూనిన యుస్తోకియకు వ్రాసిన లేఖ చివర, స్వర్గమున థెక్ల సంతోషముతో నామె నాలింగనము చేసికొనునని యాశపెట్టెను. గ్రంథము త్యాజ్యము, నాయిక గ్రాహ్య! మెథొడియుసు తన కన్యాసంవాదమున థెక్లకే జయమాల నిచ్చెను. నిస్సాపురపు గ్రెగొరి తన యక్క మాక్రినకు రహస్యనామము థెక్ల యని వ్రాసెను. వీరు మెచ్చినది ముఖ్యముగాఁ గన్యాత్వమును. థెక్లలో రెండు ధర్మములు గలవు: కన్యయు, బోధకురాలును. మొదటిదానిని బీఠముపై నెక్కించి రెండవదానిని మఱపునఁ బడవేయుట సాధారణమయ్యెను.

అయినను సెలూకయలోని యామె పుణ్యక్షేత్ర మా మఱపునకు లొంగలేదు. 384లో నేజేరియ యను యాత్రికురా లచ్చటికిఁ బోయి, స్త్రీపురుషుల తపోనివాసములను, మార్తాన యను పరిచారిక పెద్దఱికమును గాంచి, థెక్లచరిత్రము నాసాంతము చదివితినని వ్రాసికొనినది. స్త్రీ యొకతె యూరుగాని యూర, స్త్రీ నడుపు మఠమున, స్త్రీ చరిత్రమును జదివిన యీ సంఘటన థెక్లకథకు నిజమగు వ్యాఖ్యానము. సిరియభాషలో నీ కథను రూతు, ఎస్తేరు, సూసన్న, యూదితులకథలతోఁ జేర్చి స్త్రీలగ్రంథమని పేరిడి కాపాడిరి. ప్రాచ్యసంఘ మామెను నపొస్తలసమానురా లని నేఁటికిని గీర్తించుచున్నది.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పిన దానిని సంగ్రహించెదను. థెక్లచరిత్రమును స్త్రీ వ్రాసెనని సాధింపలేము. థెక్ల చరిత్రస్త్రీ యని సాధింపలేము. స్త్రీలవలననే గ్రంథము వెలివేయఁబడెననియు సాధింపలేము. కాని గ్రంథతాత్పర్యము స్త్రీకి బోధనాధికార మున్నదనుటయే యని ఆఱులింగములచేఁ దేలుచున్నది. దాని నట్లే గ్రహించిన స్త్రీలు రెండవశతాబ్ది తుదికే యుండిరని విరోధివాక్యముచేఁ దేలుచున్నది. స్త్రీవాదవిమర్శకు నీ రెండు నిశ్చయములు చాలును. అంతకుమించి యూహల నాశ్రయించినచో నా యూహలు కూలినప్పుడు నిశ్చయములుగూడఁ గూలినట్లు లోకము భ్రమించును. ఖండనకారులకు దొరికిన సందు నదియే.

పాఠశాలలయందు మతవాఙ్మయమును బోధించువారు ప్రమాణముల నొకవైపునను, నప్రమాణములను మఱియొకవైపునను గుప్పవోసి, రెండవకుప్పను జదువనక్కఱలేదని చెప్పుట వాడుక. ప్రమాణము గానిది ప్రయోజనము లేనిదని యర్థము గాదు. ప్రమాణవాక్యము విధిని దెలుపును. ఆ విధి నొల్లక ప్రతిఘటించినవారి గొంతు దానివెలుపలనే వినఁబడును. ఊరకుండుమని చెప్పిన వాక్యమును, ఊరకుండనొల్లని కన్యకకథను బ్రక్కప్రక్కన నుంచి చదివిననే కాని తొలిక్రైస్తవసంఘచరిత్ర సంపూర్ణము గానేరదు. పండితు లీ దిశను మఱింత పరిశోధింతురుగాక.